మీరు అడిగారు: ముసుగు తీయమనే హక్కు ఎవరిది?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. స్విట్జర్లాండ్‌లో 2025 జనవరి నుంచి బయట ముఖం కప్పుకుని తిరిగితే జరిమానా వేస్తున్నారని చదివాను. ఫ్రాన్స్‌లో ఎప్పటినుంచో ఉందట. కర్ణాటకలో హిజాబ్ గొడవ అందరం చూశాం. మన దగ్గర మాత్రం ఎవరూ నోరు మెదపరు. నేను ఏ మతానికీ వ్యతిరేకిని కాను. మా పక్కింటివాళ్లు ముస్లింలే, రంజాన్ రోజు మా ఇంటికి షీర్ ఖుర్మా గిన్నె రాకుండా ఉండదు. కానీ నాకు రెండు అనుమానాలు. ముఖం కనపడకపోతే ఆ మనిషి ఎవరో ఎలా తెలుస్తుంది, దొంగ ఓట్లు ఎలా ఆగుతాయి? రెండోది, ఆ ఆడపిల్లల్లో ఎంతమంది ఇష్టపడి కట్టుకుంటున్నారు? ప్రభుత్వమే నిషేధిస్తే వాళ్లకే మేలు కదా? మీరు పాతబస్తీలో చాలాకాలం టీచరుగా చేశారని మీ పాత జవాబుల్లో చదివాను. మొహమాటం లేకుండా చెప్పండి.
— ఒక రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: అన్నా, మీరు మనసులో ఉన్నది దాచుకోకుండా రాశారు. అందుకే ఈసారి నా చోటు చాలావరకు మీకే ఇస్తున్నాను.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. కర్ణాటకలో 2022లో కోర్టుకెక్కింది హిజాబ్. అది జుట్టునూ మెడనూ కప్పే గుడ్డ, ముఖం మొత్తం కనిపిస్తూనే ఉంటుంది. ఉడుపి కాలేజీలో ఆ పిల్లలు ఎవరో గుర్తుపట్టలేక వచ్చిన గొడవ కాదది, యూనిఫాం మీద వచ్చింది. మార్చి 15న హైకోర్టు యూనిఫాం మీద ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. మీరు అడిగింది నఖాబ్ గురించి, అంటే కళ్లు తప్ప ముఖం కనపడనివ్వని ముసుగు గురించి. బురఖా వేసుకున్న ప్రతి మనిషీ నఖాబ్ కట్టదు. సాయంత్రం మా బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడే తల్లుల్లో చాలామంది ముఖాలు నాకు బాగా తెలుసు. ఈ రెంటినీ కలిపేస్తే ఎటూ తేలదు.

నా మాట మొదటే చెప్పేస్తాను. అవసరమైన చోట ముఖం చూపించమని అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. వీధిలో ముఖం తెరుచుకునే నడవాలని శాసించే హక్కు లేదు. ఈ తేడా నాకు పుస్తకాలు నేర్పలేదు. ఒక పాత చీర వెనక కూర్చుని నేర్చుకున్నాను.

2004 ఏప్రిల్. అసెంబ్లీకీ పార్లమెంటుకూ కలిపి ఎన్నికలు. నాకు పాతబస్తీలో ఒక బడిలో పోలింగ్ డ్యూటీ పడింది. పర్దా పాటించే మహిళా ఓటర్లు ఎక్కువగా ఉండే చోట గుర్తింపు పని ఆడ ఉద్యోగి చేతే చేయించాలి, చాటు ఏర్పాటు చేయాలి. ఇది ఎన్నికల సంఘం మాకు ఇచ్చే చేతిపుస్తకంలోనే ఉంటుంది. కానీ సామగ్రి సంచీలో లక్క, దారం, సిరా సీసా, ఫారాల కట్ట ఉన్నాయి గానీ చాటుకు మాత్రం ఏమీ లేదు. నాకు ముందే అనుమానం వచ్చి ఇంటి నుంచి ఒక వెలిసిపోయిన వెంకటగిరి చీర తెచ్చుకున్నాను. కిటికీ ఊచ నుంచి బ్లాక్‌బోర్డు మేకు దాకా తాడు కట్టి దాని మీద పరిచాను. వెనక ఒక బెంచీ, ఒక కుర్చీ, ఒక మంచినీళ్ల కూజా. అంతే ఏర్పాటు.

ఒక్కొక్కరూ లోపలికొచ్చి, నఖాబ్ ఎత్తి, చేతిలో కార్డు ముఖం పక్కన పెట్టి చూపించేవాళ్లు. అప్పటి ఓటరు కార్డుల మీద ఫొటోలు నలుపు తెలుపులో అలుక్కుపోయి ఉండేవి. పేరు, భర్త పేరు, వయసు అడిగి, ముఖం చూసి, సరేననుకుంటే బయట జాబితా పట్టుకున్న అధికారికి వరస సంఖ్య గట్టిగా చెప్పేదాన్ని. మనిషికి అర నిమిషం పట్టేది. ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, బెంచీ మీద కూలబడి, ముసుగు వెనక్కి వేసి, దాని కొంగుతోనే మెడ మీది చెమట తుడుచుకుని, "దేఖ్ లో బేటీ, మైచ్ హూఁ" అంది. చూసుకో బిడ్డా, నేనే అని. నీళ్లడిగి, గ్లాసెడు తాగి, మళ్లీ సర్దుకుని ఓటేయడానికి వెళ్లింది. ఆ రోజు నేను చూసిన ముఖాల్లో ఒక్కరు కూడా చూపించనని పేచీ పెట్టలేదు. సాయంత్రం దాకా ఒక్కరంటే ఒక్కరు.

దొంగ ఓటు సంగతి అడిగారు కదా. మధ్యాహ్నం రెండింటప్పుడు వచ్చిన ఒకమ్మాయి చేతిలో చీటీ మీద 42 ఏళ్లు అని ఉంది. ముసుగు ఎత్తితే నా తొమ్మిదో తరగతి పిల్లల కంటే కాస్త పెద్దది. నన్ను చూడగానే ఆ పిల్ల పెదాలు వణికాయి. ఎవరు పంపారో చెప్పేసింది. నేనే దాని ముసుగు దించి, ప్రిసైడింగ్ అధికారిని చీర దగ్గరికి పిలిచి చెప్పాను. ఆయన గట్టిగా మందలించి వెనక్కి పంపేశారు. అన్నా, ఆ దొంగ ఓటును ఆపింది ఏ నిషేధమూ కాదు. ఒక ఆడ ఉద్యోగి, ఒక పాత చీర. అవి రెండూ లేని బూత్‌లో మాత్రం దొంగ ఓటు పడుతుంది. లేదా మంచి ఓటరు ఓటేయకుండా ఇంటికి పోతుంది.

ఎవరు అడగాలన్నదీ ముఖ్యమే. 2024 మే 13న హైదరాబాద్ పార్లమెంటు పోలింగ్ నాడు ఒక అభ్యర్థి బూత్‌లోకి వెళ్లి, బురఖాలో ఉన్న ఓటర్ల కార్డులు తీసుకుని ముసుగులు ఎత్తమనడం, దాని మీద మలక్‌పేట పోలీసులు కేసు పెట్టడం మీరూ టీవీలో చూసే ఉంటారు. అభ్యర్థికి ఆ పని లేదు. అనుమానం ఉంటే ఏజెంటు రెండు రూపాయలు కట్టి ప్రిసైడింగ్ అధికారి ముందు అభ్యంతరం చెప్పాలి, ఆ అధికారి విచారించి తేల్చాలి. ఇప్పటికీ ఆ రుసుము రెండు రూపాయలే. పద్ధతి ఉన్నచోట పద్ధతి ప్రకారం పోవాలి.

అలాగని ముసుగు పేరు చెప్పి ఎక్కడైనా తప్పించుకోవచ్చనీ నేననను. ఓటరు జాబితాలో ముస్లిం మహిళల ఫొటోలు వద్దని ఒకాయన మద్రాసు హైకోర్టుకు వెళితే 2006లో కోర్టు ఒప్పుకోలేదు. సరైన తీర్పే. పాస్‌పోర్టు ఫొటోలో తల మీద గుడ్డ ఉండొచ్చు, ముఖం మాత్రం కనపడాలి. అదీ సబబే. ఇంకొకటి, నేను టీచర్ని కనుక చెబుతున్నాను. ఒకటో తరగతి పిల్లలకు 'ప'కూ 'ఫ'కూ తేడా టీచరు పెదాలు చూసి తెలుస్తుంది. పాఠం చెప్పేటప్పుడు ముఖం కనపడాలని బడి నియమం పెట్టుకుంటే నేను తప్పు పట్టను. 2019లో కేరళలో ముస్లింలే నడుపుతున్న ఎంఈఎస్ సంస్థ తన కాలేజీల్లో ముఖం కప్పుకోవద్దని చెప్పింది. అది ఒక సంస్థ తన గోడల లోపల పెట్టుకున్న నియమం. కూరగాయల బజారుకు వెళ్లే మనిషిని పోలీసు ఆపి జరిమానా రాయడం వేరు.

ఇప్పుడు మీ ఫ్రాన్స్ దగ్గరికి వద్దాం. 2010 అక్టోబరులో చట్టం చేశారు, 2011 ఏప్రిల్ 11 నుంచి అమలు. సెనేట్‌లో 246 మంది అనుకూలం, ఒక్కరే వ్యతిరేకం. వీధి, బస్సు, దుకాణం, ఎక్కడైనా ముఖం కప్పుకుంటే 150 యూరోల దాకా జరిమానా. ఆరున్నర కోట్ల జనాభా ఉన్న ఆ దేశంలో అప్పటికి నఖాబ్ కట్టేవాళ్లు సుమారు 1,900 మంది అని అక్కడి ప్రభుత్వమే అంచనా వేసింది. ఒక మోస్తరు పల్లె జనాభా! వాళ్ల కోసం దేశమంతటికీ చట్టం.

ఒక అమ్మాయి యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. ఎస్.ఎ.ఎస్. అన్న పొడి అక్షరాలే కాగితాల మీద ఉన్నాయి, పేరు బయటపెట్టలేదు. ఫ్రెంచి పౌరురాలు, పాకిస్తానీ మూలాలు, 1990లో పుట్టింది. నన్నెవరూ బలవంతం చేయలేదు, అన్నివేళలా కట్టుకోను కూడా, బ్యాంకులోనో విమానాశ్రయంలోనో అడిగితే చూపిస్తాను, నాకు అభ్యంతరం లేదు అని చెప్పుకుంది. మా బూత్‌లో పెద్దావిడ అన్నదీ అదే కదా! 2014 జూలై 1న తీర్పు వచ్చింది. మీ రెండు అనుమానాలూ అక్కడి ప్రభుత్వం కోర్టు ముందు పెట్టినవే. భద్రత కోసమైతే అవసరమైనప్పుడు చూపించమంటే చాలు, ఇంత మొత్తం నిషేధం ఎక్కువ అని కోర్టు అంది. స్త్రీ పురుష సమానత్వం పేరు చెప్పి, స్త్రీలే మాకు కావాలంటున్న దాన్ని నిషేధించలేరు అని కూడా అంది. అయినా చట్టం నిలబడింది. నలుగురూ కలిసి బతకడానికి ముఖాలు ఒకరికొకరికి కనపడాలన్న మూడో వాదనను ఒప్పుకుని, పదిహేను మంది ఒకవైపు, ఇద్దరు మరోవైపు అయి తీర్పు చెప్పారు. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ మరో ఇద్దరు మహిళల ఫిర్యాదు విని, ఆ మహిళల హక్కును ఫ్రాన్స్ కాదన్నదని తేల్చింది.

కలిసి బతకడం అన్న మాట వింటే నాకూ మనసు కాస్త మెత్తబడుతుంది. దాచుకోను, నాకు నఖాబ్ ఇష్టం లేదు. ముఖం చూస్తూ మాట్లాడటం నాకు అలవాటు. ఎదుటి మనిషి నవ్వుతోందో లేదో తెలియకపోతే నా మాట సగంలో ఆగిపోతుంది. కానీ నా ఇబ్బంది నాది. అది తీర్చడానికి ఇంకొకరి మీద జరిమానా వేయించలేను కదా. 2020లో కరోనా వచ్చింది. ఆ మే నెలలో పారిస్ మెట్రో ఎక్కాలంటే మూతికి మాస్కు తప్పనిసరి చేశారు, పాత చట్టం మాత్రం అలాగే ఉంది. దేశంలో అందరూ సగం ముఖాలతోనే నెలల తరబడి కలిసి బతికారు.

మీ రెండో అనుమానం, బలవంతం. దీని మీద నేను మీతోనే ఉన్నాను. ఆ ఫ్రెంచి చట్టంలోనే ఒక భాగం నాకు నచ్చింది. ఆడమనిషిని బెదిరించి ముసుగు కట్టించినవాడికి ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా, ఆ ఆడమనిషి మైనరైతే రెట్టింపు. ఆ ఒక్క భాగమే చట్టమై ఉంటే నేను చప్పట్లు కొట్టేదాన్ని. కానీ ముసుగు కట్టుకున్న మనిషికి జరిమానా వేస్తే ఏమవుతుంది? నిజంగానే ఆమె భర్త మూర్ఖుడు అనుకుందాం. బయట ముసుగు కుదరదని తెలిస్తే వాడు ముసుగు తీసి పంపుతాడా, గుమ్మం దాటనివ్వకుండా కూర్చోబెడతాడా? ఇరాన్‌లో 1936లో రాజు రెజా షా, ఆడవాళ్లు తల నుంచి ఒళ్లంతా కప్పుకునే చాదర్‌లు నిషేధించినప్పుడు పోలీసులు వీధుల్లో లాగేశారు. చాలామంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇల్లు కదల్లేదు. అదే దేశంలో 1979 తర్వాత తల కప్పుకోవడం తప్పనిసరి చేశారు. సరిగా కప్పుకోలేదని పట్టుకెళ్లిన 22 ఏళ్ల మహ్‌సా అమీనీ 2022 సెప్టెంబరు 16న ప్రాణం పోగొట్టుకుంది. రెండుసార్లూ దెబ్బ తిన్నది ఆడపిల్లే.

మరి మార్పు ఎలా వస్తుందంటారా? మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మమ్మది విజయనగరం వైపు ఒక క్షత్రియ కుటుంబం. ఘోషా. పరాయి మగాడి కంట పడకూడదు. ఊరెళ్లాలంటే గూడుబండికి ముందూ వెనకా దుప్పట్లు కట్టేవాళ్లు, ఎద్దులు విప్పి బండివాడు పక్కకు తప్పుకున్నాకే దిగేది. ఘోషా అన్న మాట పారసీది, మూల అని దాని అర్థం. ఆ మాట మన ఇళ్లలోకీ వచ్చింది, ఆ మూలా వచ్చింది. మగ డాక్టరు ముట్టుకుంటే తప్పని కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్లు మా అమ్మమ్మ వాళ్లింట్లోనే ఇద్దరున్నారు. అప్పటి వాళ్లు ఏం చేశారు? మద్రాసులో 1885లో ఘోషా స్త్రీల కోసం ఆడ డాక్టర్లతో ఆసుపత్రి పెట్టారు, మేరీ షార్లీబ్ అనే డాక్టరమ్మ చొరవతో. ట్రిప్లికేన్‌లో ఇప్పుడు కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అదే. విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని ఈనాటికీ ఆటోవాళ్లు ఘోషాసుపత్రి అనే అంటారు. మా అమ్మ పుట్టింది అక్కడే. దుప్పట్లు కట్టిన బండిలో వెళ్లిన మా అమ్మమ్మ, పిల్లను ఎత్తుకుని క్షేమంగా తిరిగొచ్చింది.

ఆ ఆసుపత్రి మా అమ్మమ్మను ముసుగు తీసి రమ్మని అడగలేదు. అలా అడిగి ఉంటే మా అమ్మ ఉండేది కాదేమో. తర్వాత బడులొచ్చాయి, జమీందారీలు పోయాయి, బస్సులొచ్చాయి. మా అమ్మ మెట్రిక్ చదివింది, బండికి దుప్పటి కట్టే పని తప్పింది. నేను ఉద్యోగానికొచ్చాను. మూడు తరాల్లో ఘోషా పోయింది, దాని మీద ఒక్క జరిమానా రసీదు కూడా ఎవరూ రాయలేదు. ఆడవాళ్ల ఆసుపత్రి, ఆడ టీచరు, ఇంటికి దగ్గరలో కాలేజీ, అర్ధరాత్రి దాకా తిరిగే బస్సు, ఇవి పెట్టమని మీరు ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే కింద నేనూ సంతకం పెడతాను.

కెనడా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. జునేరా ఇషాక్ అనే ఆవిడ పాకిస్తాన్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడింది. పౌరసత్వ పరీక్షకు ముందు ఆడ అధికారికి ముఖం చూపించింది. ప్రమాణం చేసే సభలో మాత్రం అందరి ముందూ తీయాలన్న నియమం మీద కోర్టుకెళ్లింది. 2015లో రెండు కోర్టుల్లోనూ గెలిచింది. ఆ అక్టోబరు 9న, సభకు ముందు మళ్లీ ఒక ఆడ అధికారికి విడిగా ముఖం చూపించి, నఖాబ్‌తోనే ప్రమాణం చేసింది. అది చదివిన రోజు నాకు నా వెంకటగిరి చీర గుర్తొచ్చింది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 22 ఏళ్లు. డిగ్రీ అయింది, బ్యాంకు పరీక్షలు రాస్తున్నాను. మూడేళ్లుగా నా ఇష్టంతోనే నఖాబ్ కడుతున్నాను, మా అమ్మ కట్టదు. పోయినసారి ఒక పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఒక మగ సెక్యూరిటీ అతను అందరి ముందూ "తీసెయ్, తీస్తేనే లోపలికి" అని అరిచాడు. లైనులో అందరూ నన్నే చూశారు. తీశాను. కానీ లోపలికెళ్లాక అరగంట సేపు లెక్కలు బుర్రకెక్కలేదు. మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి? అసలు పరీక్షలు మానేయనా?
— కడప

జవాబు: పరీక్షలు మానేస్తావా? ఆ మాట మళ్లీ అనకు తల్లీ.

ముఖం చూపించకుండా పరీక్ష రాయలేవు, రాయకూడదు కూడా. నీ బదులు ఇంకెవరో రాస్తే నష్టపోయేది నీలాంటి పిల్లలే. అప్లికేషన్ ఫొటోలో ముఖం పూర్తిగా ఉండాలి, గేటు దగ్గర ఆ ఫొటోతో పోల్చుకుంటారు. అది వాళ్ల పని. కానీ మగమనిషి నలుగురిలో అరిచి తీయించడం ఆ పనిలో భాగం కాదు. పోలీసులు అరెస్టు చేసిన ఆడమనిషిని సోదా చేయాలన్నా మరో ఆడమనిషే, మర్యాదకు భంగం రాకుండా చేయాలని చట్టంలో రాసి ఉంది. తప్పేమీ చేయకుండా పరీక్ష రాయడానికొచ్చిన పిల్లకు అంతకంటే తక్కువ మర్యాద ఎందుకు?

గేటు తెరిచే టైముకంటే ముందే వెళ్లి నిలబడు. నీట్ లాంటి పెద్ద పరీక్షల సూచనల్లోనూ ఇలాంటి దుస్తులు వేసుకునేవాళ్లను తనిఖీ కోసం ముందుగా రమ్మనే చెబుతారు. గేటు దగ్గర ఒకే మాట చెప్పు, ఇంట్లో అద్దం ముందు పదిసార్లు అనుకుని మరీ వెళ్లు: "ముఖం చూపిస్తానండీ, మహిళా సిబ్బందిని పిలవండి." నసగకు. ఆడవాళ్ల తనిఖీకి కేంద్రంలో ఎవరో ఒకరు ఉంటారు. లేరంటే సెంటర్ సూపరింటెండెంటును పిలవమను. ఆయనా వినకపోతే ఆ గంటలో గొడవ పెట్టుకోకు, తీసి చూపించి లోపలికి వెళ్లి రాసెయ్. బయటికొచ్చాక కేంద్రం పేరు, టైము, జరిగింది కాగితం మీద పెట్టి పరీక్ష పెట్టిన సంస్థకు పంపు. నకలు నీ దగ్గర ఉంచుకో. హాలులో ఇన్విజిలేటరు మధ్యలో మళ్లీ చూడాలంటే చూపించు, ఆవిడ ఆడమనిషైతే నీకు ఇబ్బందే లేదు.

చిన్న సంగతి, కానీ పనికొస్తుంది. నఖాబ్‌కు పిన్నులు పెట్టకు, మెటల్ డిటెక్టర్ కుయ్యిమని మోగి అందరి కళ్లూ నీ మీదే పడతాయి. వెనక ముడివేసుకునే రకం కట్టుకుని వెళ్లు. ఎత్తడానికీ దించడానికీ ఒక్క చెయ్యి చాలు, రెండో చేతిలో హాల్ టికెట్ పట్టుకోవచ్చు.